గిడ్డంగి క్లబ్బుల సభ్యత్వము లాభకరమా?

గతమాసమున అప్పు వాయిదా చెల్లించుటకై సంఘ కార్యాలయమునకు వచ్చిన సభ్యులొకరు నన్నొక ప్రశ్న యడిగిరి. వారి కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున చదువుకొనుచున్నాడు. అచ్చట గిడ్డంగి క్లబ్బు అనునొక విధమైన పెద్ద యంగడి కలదట. అందు సరకు కొనవలెనన్న ముందుగా ఏటికి 65 డాలర్లు చెల్లించి సభ్యుడు కావలెనట. "సొమ్మిచ్చి కొనువాడే అంగడివానికి కప్పము కట్టుటేమండీ? తమరు అమ్మాయిగారి యింట ఆరునెలలుండి వచ్చితిరి గదా. కట్టుమందురా, మానుమందురా?" అని వారి ప్రశ్న. ఆ చిన్నవానిని పంపుటకు రెండెకరముల మాగాణి తాకట్టు పడియున్నది. కావున దీనిని నవ్వి త్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు. ఇట్టి బిడ్డలుగల యిండ్లు మన గ్రామములందు పెక్కులు గాన, వారికి చెప్పిన సమాధానమునే యిచ్చట వ్రాయుచున్నాను.

ముందు ఆ యంగడి సంగతి. 1976వ సంవత్సరమున సాన్ డియాగో నగరములో సోల్ ప్రైస్ అను వర్తకుడు పాతబడిన విమానశాల నొకదానిని తీసికొని ప్రైస్ క్లబ్బు పేర దీనిని ప్రారంభించెను. మొదట చిల్లర వర్తకుల కొరకే యేర్పడినది. 1983లో సియాటిల్ పట్టణమున కాస్ట్‌కోయు, ఆ యేటనే ఓక్లహోమా రాష్ట్రమున వాల్‌మార్టు వారి సామ్స్ క్లబ్బును వెలసినవి. 1993లో ప్రైస్ క్లబ్బు, కాస్ట్‌కో ఏకమైనవి. అలంకారము లేదు. సరకు వచ్చిన బల్లలమీదనే నిలిపి యుంచుదురు. రకములు నాలుగువేలకు మించవు, సామాన్యపు పెద్ద యంగళ్ళలో ఇంతకు అనేక రెట్లుండును. ప్రతి వస్తువును పెద్దమూటగా అమ్ముదురు. కాస్ట్‌కో వారు కొన్న ధరపై నూటికి 14, 15 వంతులకు మించి వేసికొనరాదను కట్టుబాటు చిరకాలముగా పాటించుచున్నారని ప్రసిద్ధి. అట్లయిన వారికి మిగులున దేమి యందురేమో. 2024 ఆర్థిక సంవత్సరమున సభ్యత్వ రుసుముల వలననే వారికి 480 కోట్ల డాలర్లకు పైగా వచ్చినది; ఆ యేటి నికరలాభము 737 కోట్ల డాలర్లు. అనగా సరకుమీద స్వల్పముగా, ద్వారముకడ గట్టిగా సంపాదించు వ్యాపారమన్నమాట. కాబట్టి ధరల చౌక వట్టి బూటకము కాదు. కాని ఆ చౌకకు మూల్యమును మనము ముందే చెల్లించుచున్నాము.

ఇక లెక్క చూతము. కాస్ట్‌కోలో 60 డాలర్లుగా నున్న రుసుము 2024 సెప్టెంబరు నుండి 65 డాలర్లయ్యెను. పైతరగతి సభ్యత్వము 120 నుండి 130కి పెరిగెను. ఇతరచోట్ల కంటె అచ్చట పదవ వంతు చౌకయని అనుకొందము. అట్లయిన ఏటికి 650 డాలర్ల సరకు, అనగా నెలకు సుమారు 54 డాలర్లది, కొన్నప్పుడే కట్టిన రుసుము తిరిగి వచ్చును. అంతవరకు లాభమూ లేదు, నష్టమూ లేదు. పైతరగతివారికి కొనుగోలుపై నూటికి రెండు వంతున తిరిగి యిత్తురు. అందుకై అదనముగా కట్టు 65 డాలర్లు రాబట్టుటకు ఏటికి 3,250 డాలర్లు, నెలకు 270 డాలర్లు వ్యయపరుపవలెను. పెట్రోలు ఆ లెక్కలోనికి రాదు. ఒంటరి విద్యార్థికి అంత యేటికి?

అయితే పై లెక్కలో ఒక మాట దాగియున్నది: "ఎట్లును కొనదలచిన సరకు" అనునది. నష్టమంతయు అచ్చటనే పొంచియుండును. మా అమ్మాయి యింట నేను చూచినది చెప్పెదను. ఇరుగుపొరుగు అంగడిలో చిన్న సంచి పాలకూరకు ఇచ్చు వెలకు సగమెక్కువ యిచ్చినచో క్లబ్బులో రెండింతల పాలకూర వచ్చును. చౌకయే గదా! నాలుగవనాటికి సగము క్రుళ్ళి కుప్పతొట్టిలో పడినది. అనగా ఒక రూపాయి యాకునకు రూపాయిన్నర యిచ్చినట్లు. రొట్టెలును, పండ్లును అట్లే. నేను ఆ మూడునెలలు చిట్టా వ్రాసితిని. అల్లునికి నవ్వుగా నుండెను గాని, పారవేసిన సరకు విలువ కూడి చూపగా నవ్వు మానెను.

దీనికి తోడు మనసునకు పట్టు మరియొక పీడ కలదు. రుసుము కట్టితిమి గదా, రాబట్టుకొనవలెనని బండినిండ నింపుకొని వత్తురు. సంతకు సుంకము కట్టితినని అక్కరలేని దూడను తోలుకొని వచ్చిన వాని తీరిది. ధరపట్టీపై పెద్ద అంకెలను గాక, క్రింద చిన్న అక్షరములలో పౌనుకో ఔన్సుకో ఎంతయని వేసిన ధరను చూచి యితర అంగళ్ళతో పోల్చువారికే మేలు.

చెడని వస్తువుల సంగతి వేరు. నూనె, పంచదార, బట్టల సబ్బుపొడి, పసిబిడ్డలకు తొడుగు డైపర్లు — వీనిలో లాభము నిజము. సొంత కారు గలవారికి పెట్రోలు మరియు ముఖ్యము. గ్యాలనుకు 15 సెంట్లు తగ్గి, వారమునకు పది గ్యాలనులు పోయించుకొన్నచో ఏటికి 78 డాలర్లు మిగులును. రుసుము అందులోనే తీరిపోవును. మన సభ్యుని కుమారునికి కారు లేదు. వాడు తిను సోనామసూరి బియ్యము, కందిపప్పు, చింతపండు భారతీయుల కొట్టులో కొనుచున్నాడు. క్లబ్బులో వానికి మిగులునవి సబ్బుపొడియు పాలును మాత్రమే.

సహకారులమగు మనము మరియొక సంగతి గమనింపవలెను. వారును "సభ్యుడు" అనియే యందురు. 1844లో ఇంగ్లండున రాచ్‌డేల్ పట్టణవాసులు 28 మంది తలకొక పౌను వాటాతో ఉమ్మడి యంగడి నేర్పరచినప్పుడు ఆ మాటకు అర్థము వేరు. వాటా సభ్యునిదే, ఓటు సభ్యునిదే, మిగులును కొనుగోలును బట్టి పంచుకొనెడివారు. క్లబ్బులో కట్టినది వాటా కాదు, ఏడాది గడిచిన చెల్లిపోవు ప్రవేశరుసుము. ధర పెంచినను, రుసుము పెంచినను, అడుగుటకు సర్వసభ్య సమావేశము లేదు. ఐనను న్యాయముగా ఒకటి చెప్పవలెను. కాస్ట్‌కో వారు తృప్తి లేదన్న సభ్యునికి రుసుము పూర్తిగా తిరిగి యిత్తురు. 2024లో అమెరికా, కెనడాలలో నూటికి 92 మందికి పైగా సభ్యత్వమును మరల పొడిగించుకొనిరి. వాటా, ఓటు రెండునుగల మన సభ్యులలో నిరుటి సమావేశమునకు వచ్చినవారెందరో మనకు తెలియును. అదనునకు ఎరువు లేని కొట్టునకు ఓటు చూపి సభ్యుని రప్పింపలేము.

నేను సభ్యునికి చెప్పినది యిది. పసిబిడ్డయు కారును గల సంసారులు క్రింది తరగతి సభ్యత్వము తీసికొనవచ్చును. ఒకే చిరునామాలో నుండు మరియొకరికి అదే రుసుముపై రెండవ కార్డు ఉచితముగా ఇత్తురు. మూడునెలలు చిట్టా వ్రాసి, గిట్టనిచో ఏడాది నిండక మునుపే రుసుము వాపసు కోరవలెను. మీ అబ్బాయి మాత్రము ఈ యేడు కట్టవలదు. గదిలో నలుగురున్నారు గదా, వారిలో సభ్యుడెవరైన నున్నచో అతిథిగా వెంట వెళ్లవచ్చును. సొమ్ము సభ్యుడే చెల్లింపవలెనని నియమము గనుక, ఇంటికి వచ్చిన పూటనే తన వంతు తీర్చివేయవలెను.

వారు ఆ రాత్రియే కుమారునితో మాటలాడిరి. తోడివాడొకడు ఇదివరకే సభ్యుడట. మిగిలిన 65 డాలర్లను వడ్డీక్రింద జమ చేయుమని సభ్యులు నన్నడిగిరి. సొమ్ము చేతికి వచ్చిన తరువాతనే రసీదు వ్రాసెదనని చెప్పితిని.