సాయం నెల్లూరులో, బాధితులు తీరంలో

నెల్లూరు తీరంలోని మత్స్యకారుల పట్టపుపాళేల్లో తగువు పుడితే చాలాచోట్ల మొదట చేరేది ఊరి పెద్దలైన కాపుల దగ్గరకే. వాళ్లు దురాయి (కట్టుబాటు) వేస్తే కాదనేవారు తక్కువ. వలల తగాదాలకు, అప్పుల తగాదాలకు ఈ పద్ధతి పనికొస్తుంది, ఖర్చూ ఉండదు. కానీ ఆడమనిషి మీద దాడిని కూడా జరిమానాతో సర్దేస్తే ఎఫ్ఐఆర్ పుట్టదు. ఆ కాగితం లేకపోతే ప్రభుత్వ పరిహారం అడగడం కష్టమవుతుంది.

చట్టంలో లోటేమీ లేదు. 2009 నుంచి అమల్లో ఉన్న బాధితుల పరిహార నిబంధన ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 396వ సెక్షన్‌గా కొనసాగుతోంది. నిందితుడు దొరక్కపోయినా, విచారణే జరగకపోయినా బాధితులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మహిళల కోసం 2018లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ తెచ్చిన పథకంలో అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల వరకు పరిహారం ఉంది. అందులోనే మరో నిబంధన కూడా ఉంది: ఇలాంటి తీవ్ర నేరాల్లో ఎఫ్ఐఆర్ ప్రతిని పోలీసులే వెంటనే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపాలి. దాన్ని చూసి సంస్థ తనంతట తానే మధ్యంతర సాయానికి పరిశీలన మొదలుపెట్టవచ్చు. అంటే మైపాడు నుంచి పాతిక కిలోమీటర్లు బస్సెక్కి, కూలి పోగొట్టుకుని బాధితురాలు నెల్లూరు కోర్టు మెట్లెక్కక ముందే పని మొదలు కావాలి. అలా ఎన్ని కేసుల్లో జరిగిందో జిల్లాలవారీగా లెక్క ప్రకటిస్తే చాలా సంగతులు తేలతాయి.

గిరిజనులైన యానాదులది మరో చిక్కు. రొయ్యల గుంటల దగ్గర, సరుగుడు తోటల్లో ముందస్తు అప్పుకు కట్టుబడిపోయే కుటుంబాలను వెట్టి నుంచి విడిపించినా, పూర్తి పునరావాస సొమ్ముకు విడుదల పత్రం కావాలి. అది రెవెన్యూ అధికారుల చేతిలో ఉంటుంది. వయోజన పురుషుడికి లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షలని వెట్టి కార్మికుల పునరావాస పథకం చెబుతోంది. ఆధార్ కార్డే లేని కుటుంబం ఆ పత్రం కోసం ఏ కార్యాలయం చుట్టూ తిరగాలి?

బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాలు, హెల్ప్‌లైన్లు మంచివే. అయితే పట్టణంలో గది తెరిచినంత మాత్రాన ఇసకపల్లికి, కోడూరుకు సాయం చేరినట్టు కాదు. తీర మండలాల పోలీసుస్టేషన్లలో పారా లీగల్ వాలంటీర్లను వారానికి నిర్ణీత రోజుల్లో కూర్చోబెట్టాలి. వారిలో మత్స్యకార, యానాది మహిళలు ఉండాలి. కాపుల పంచాయతీకి కూడా తీవ్ర నేరాలను స్టేషన్‌కే పంపాలని జిల్లా యంత్రాంగం గట్టిగా చెప్పాలి.

ఈలోగా బాధితులు 15100కు ఫోన్ చేస్తే ఉచిత న్యాయసహాయం ఎలా పొందాలో చెబుతారు; 2018 పథకం కింద దరఖాస్తుకు గడువు మూడేళ్లు.