ఎక్కువ ఆడినవాడికి బోనస్

అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో విసురుతూ, ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడతారు. ఆ ఆట నడిపే ఎన్.ఎఫ్.ఎల్.లో 2002 నుంచి ఒక మంచి పద్ధతి ఉంది. సీజన్ అయ్యాక, ఎవరెంత ఆడారో చూసి వారి జీతంతో పోలుస్తారు. జీతం తక్కువై ఆట ఎక్కువైతే బోనస్ ఎక్కువ.

బ్రాక్ పర్డీనే చూడండి. 2022 ఎంపికల్లో 262వ వాడు, అంటే చిట్టచివరివాడు. 2023 సీజన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టును ఫైనల్‌కు తీసుకెళ్ళాడు. అప్పుడు మూల వేతనం 8,70,000 డాలర్లు. కొత్తవాళ్ళ ఒప్పందాన్ని మూడు సీజన్లు నిండేదాకా మార్చకూడదని నియమం కాబట్టి అప్పట్లో జీతం పెంచమని అడగలేకపోయాడు. బోనస్‌గా 7,39,795 డాలర్లు వచ్చాయి.

లక్షల డాలర్లవాళ్ళ మీద జాలెందుకంటారా? జాలి కాదు. ఇది యజమానులు దయతలచి ఇచ్చింది కాదు, ఆటగాళ్ళ సంఘం బేరమాడి ఒప్పందంలో రాయించుకున్నది. లెక్క కాగితం మీద ఉంది, ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. తెల్లవారకముందే పొయ్యి వెలిగించే మన వంటమనిషికీ, కామాటికీ అలాంటి కాగితం ఉంటే ఎంత బాగుండును!

లోపం కూడా ఉంది. దెబ్బతగిలి బయట కూర్చున్న రోజులు ఆ లెక్కలోకి రావు. అంత మోటు ఆటలో అది చిన్న విషయం కాదు. సంఘం ఈసారి బేరానికి కూర్చున్నప్పుడు ముందు అడగవలసింది అదేనని నా అభిప్రాయం.