ఒక కిరీటము క్రింద రెండు రాజ్యములు

జరిగిన చరిత్రతో తృప్తి నొందక జరుగని చరిత్రను గూర్చి యూహించుట మానవులకు సహజము. 1580లో స్పెయిను రాజు పోర్చుగలును దాని వలస రాజ్యములతోగూడ వశపఱచుకొనెను. అఱువదియేండ్ల పిమ్మట పోర్చుగీసులు తిరుగబడి యా పాలనమును త్రోసివైచిరి. ఆ తిరుగుబాటు విఫలమై యుండినచో లోకమెట్లుండెడిది? బ్రెజిలు ప్రజలు నేడు స్పానిషు భాషను మాటలాడుచుండెడివారు. కాటలోనియావలెనే పోర్చుగలును మేడ్రిడు పాలనమున నొక రాష్ట్రమై తన హక్కులకై వాదించుచుండెడిది. పోర్చుగలు రాజపుత్రికకు వరకట్నముగ బొంబాయి 1661 నాటి వివాహసంధిచే ఇంగ్లండు రాజునకు దక్కియుండెడిది కాదు. ఇట్టి యూహలు వినోదకరములే. కాని ఇరువురు ప్రభువులలో నెవరు గెలిచినను, వారికి లోబడిన దూరదేశముల జనుల గతి మాఱియుండెడిదా యను ప్రశ్న వీనియందు మఱుగుపడుచున్నది. ఆ ప్రశ్నయే ముఖ్యమైనదని మా యభిప్రాయము.

పోర్చుగలు స్వాతంత్ర్యము కేవలము ఖడ్గముచేతనే పోలేదు. 1578 ఆగస్టు 4వ తేదీన, మొరాకోపై దండెత్తిన యువకుడగు రాజు సెబాస్టియను అల్ కసర్ అల్ కబీరు రణరంగమున మడిసెను. ఆయనతోపాటు ప్రభువంశీయు లనేకులు హతులైరి, మఱికొందఱు బందీలైరి. రాజునకు సంతానము లేదు. సింహాసనమెక్కిన చిన్నతాత హెన్రీ వృద్ధుడు, మతాచార్యుడు. 1580 జనవరిలో నాతడును మరణించెను. స్పెయిను రాజు రెండవ ఫిలిప్పు తల్లి పోర్చుగలు రాజు మాన్యుయేలు కుమార్తె. ఆ సంబంధమును బట్టి ఫిలిప్పు రాజ్యము తనదనెను. ప్రభువులలో ననేకులు ఆయన ధనమునకు లొంగిరి. వర్తకులు అమెరికా వెండికి ఆశపడిరి. సామాన్య జనులు అంతోనియో యను రాజవంశీయుని పక్షము వహించిరి. ఆల్వా ప్రభువు నడపిన స్పానిషు సేన ఆగస్టు 25వ తేదీన లిస్బను చెంత అల్కాంటరాయొద్ద అంతోనియోను ఓడించెను.

1581లో తోమారు నగరమున సమావేశమైన ప్రతినిధిసభ యెదుట ఫిలిప్పు గొప్ప వాగ్దానములు చేసెను. పోర్చుగలు చట్టములు, భాష, నాణెములు చెక్కుచెదరవు, ఉద్యోగములు పోర్చుగీసులకే, ఆఫ్రికా, ఇండియాల వర్తకము వారి చేతులలోనే యుండును. మొదట నీ వాగ్దానములు చాలవఱకు నిలిచినవి. అయినను ఒడంబడికలోనే గొప్ప లోపము గలదు. యుద్ధము, సంధి, పరదేశములతోడి మైత్రి యనువానిని నిర్ణయించు నధికారము మేడ్రిడునందుండెను. ఇల్లు మనదే, తాళపుచెవి మాత్రము పరులచేత నున్నచో ఆ యింటి సంగతి చెప్పనేల?

ఫలితము త్వరలోనే కానవచ్చెను. 1386 నుండి సంధిబద్ధులై మిత్రులుగ నున్న ఇంగ్లీషువారు పోర్చుగీసులకు శత్రువులైరి. 1588లో ఇంగ్లండుపైకి వెడలిన మహానౌకాదళము లిస్బను రేవునుండియే బయలుదేఱెను. అందు పోర్చుగీసు నౌకలును గలవు. స్పెయినుపై తిరుగబడిన డచ్చివారికి లిస్బను మిరియాల విపణి మూయబడుటచే వారు మిరియములు పండు దేశములకే పోయిరి. 1602లో వారు కంపెనీ స్థాపించిరి. 1605లో అంబోయినాను గైకొనిరి. ఆ యేటనే మన మచిలీపట్టణమునకు వచ్చిరి. 1610లో ప్రళయకావేరియను పులికాటున స్థిరపడిరి. 1622లో పారశీకులును ఇంగ్లీషువారును కలిసి ఓర్మజును పట్టుకొనిరి. 1630లో పెర్నాంబుకో, 1637లో ఎల్మినా డచ్చివారి పాలయ్యెను. ఆంధ్రతీరమున పోర్చుగీసులతో పోటీపడు క్రొత్త వర్తకుల రాకకుగూడ మేడ్రిడు రాజనీతి యొక కారణమయ్యెను.

తరువాత స్పెయిను మంత్రి ఒలివారెసు తన యుద్ధములకు పోర్చుగలు ధనమును, జనమును గోరెను. 1637లో ఎవోరా ప్రజలు పన్నులపై తిరుగబడిరి. 1640లో కాటలోనియా తిరుగబడగా, దాని నణచుటకు రమ్మని పోర్చుగీసు ప్రభువులకు ఆజ్ఞ వచ్చెను. వారు పోలేదు. డిసెంబరు 1వ తేదీన లిస్బను రాజభవనమున ప్రవేశించి, స్పెయిను పక్షపాతి యగు కార్యదర్శి వాస్కొన్సెలోసును వధించి, బ్రగాంజా ప్రభువును రాజుగ ప్రకటించిరి. యుద్ధము 1668 వఱకు సాగి, తుదకు స్పెయిను వారి స్వాతంత్ర్యము నంగీకరించెను. కాటలోనియా 1652లో లొంగిపోయినది. మేడ్రిడు బలమును చీల్చి యొక జాతికి తోడ్పడిన రెండవ జాతి తాను స్వాతంత్ర్యము పొందజాలకపోయెను.

ఇక దూరదేశముల సంగతి. స్పెయిను పాలనము నాడు పోర్చుగీసు వర్తకులు 1595 నుండి ఒప్పందములు వ్రాసికొని అంగోలా జనులను బానిసలనుగ కార్తజేనా, వేరాక్రూజు రేవులకు చేర్చిరి. 1640 తర్వాత ఆ యొప్పందములు తెగెను గాని బానిస వర్తకము తెగలేదు. 1641లో డచ్చివారు లువాండాను గైకొనగా, 1648లో బ్రెజిలునుండి వెడలిన సేన దానిని తిరిగి పట్టుకొనెను. బ్రెజిలు చక్కెర తోటలకు బానిసలు కావలసియుండుటయే దాని ముఖ్యకారణము. బ్రెజిలులో దాస్యము 1888 వఱకు నిలిచెను. అంగోలా, మొజాంబికులు 1975 వఱకును, మన గోవా 1961 డిసెంబరు 19వ తేదీ వఱకును విముక్తి నొందలేదు. గొలుసు బిగించిన హస్తము మాఱెనే గాని గొలుసు మాఱలేదు.

కావున స్పెయిను గెలిచియుండినచో నను కల్పనమునందు పటములోని రంగులు మాఱును; దాసుల దాస్యము మాఱదు. తన కష్టములను తెలిసిన జాతి పరుల కష్టములను సహజముగనే తెలిసికొనునని తలచుట పొరపాటని పోర్చుగలు చరిత్ర నిరూపించుచున్నది. పోర్చుగీసులు డిసెంబరు 1వ తేదీని నేటికిని పండుగగ జరుపుకొనుచున్నారు. అది న్యాయమే. కాని లిస్బనునకు న్యాయమైనది లువాండాకును గోవాకును న్యాయము కాకపోవుటెట్లు? తన భాష, తన చట్టము, తన ఉద్యోగములు చాలునని తృప్తిపడి, యుద్ధమును ధనమును పరులకు విడిచిన జాతి 1581 నాటి పోర్చుగలువలె మోసపోవును. తన స్వాతంత్ర్యము సంపాదించి పరుల స్వాతంత్ర్యమును నిరాకరించు జాతి తన పండుగ యర్థమునే మఱచినదగును. ఈ రెంటిని తెలిసికొనుటకే మేము జరుగని చరిత్రను గూర్చి యింతగా వ్రాసితిమి.