చిల్లుకాణీ సాక్ష్యము



ఈ మాసమున వంటయింటి సంగతులను ప్రక్కకుబెట్టి మిమ్ము మా వీథిలోని యొక పెరటిలోనికి తీసికొనిపోవుచున్నాను. "ఫలానాచోట నేదో దాచితిని" అని చెప్పి కన్నుమూసిన యత్తలు, అమ్మమ్మలు మన కుటుంబములలో ఎందఱో యున్నారు. ఆ మాట విన్నవారికి నేడు మెటల్ డిటెక్టరనెడు లోహశోధకయంత్రము వెంటనే గుఱుతు వచ్చును. యంత్రమును అద్దెకు దెచ్చినంతమాత్రమున నాణెము దొరకదనియు, దానిని సరిచేసికొను తీరులోనే యంతయు నున్నదనియు మేము కన్నులార చూచితిమి.

మా యాకుత్‌పురాలో రైల్వేస్టేషనుకు సమీపమున నొక యవ్వ యున్నది. ఎనుబదియైదేండ్లు దాటినవి. పాతయింటిని పడగొట్టి అంతస్తుల మేడ కట్టుటకు కుమారులు నిశ్చయించిరి. పునాదులు త్రవ్వకముందే తన యత్తగారి మూటను వెదకింపవలెనని యవ్వ పట్టుబట్టెను. 1948 సెప్టెంబరులో, పట్టణమంతయు భయముతో నుండగా, ఆ యత్తగారు పది హాలీరూపాయలను గుడ్డసంచిలో గట్టి పశువులకొట్టములో పాతి పుట్టినింటికి వెడలెనట. తిరిగి వచ్చునప్పటికి కొట్టము కూలియున్నది. ఎంత త్రవ్వినను సంచి దొరకలేదు. కొన్నియేండ్లకు ఈ యవ్వ కోడలై వచ్చి ఆ స్థలమును శుభ్రపఱచి కూరపాదులు పెట్టుకొనెను.

"సొమ్ముకొఱకు కాదు బిడ్డా, నేనే తీసి మా పుట్టినింటికి పంపితినని ఆమె చచ్చిపోవువఱకు అనుమానించినది" అని యవ్వ నాతో నొకనాడు చెప్పెను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

హాలీరూపాయ యనగా నేమో నేటి పిల్లలెఱుగరు. అది నిజాముగారి రాజ్యమున చెల్లిన వెండినాణెము. ఒకప్రక్క చార్మినారు బొమ్మ యుండును. బ్రిటిషువారి రూపాయిని ఇచ్చట కల్దారనెడివారు. ఆఱు కల్దారులకు ఏడు హాలీలు సరి. పూర్వము టంకశాల మా పాతబస్తీలోనే సుల్తాన్‌షాహీయందుండి, 1903లో సైఫాబాదునకు తరలినది. ఆ సైఫాబాదు టంకశాలలో 2022నుండి నాణెముల ప్రదర్శనశాల యున్నది. పిల్లలను దోడ్కొని పోదగినది.

అవ్వ కుమారులు మొదట నొకనిని కూలికి బిలిపించిరి. అతడు ముందుగనే సొమ్ము పుచ్చుకొని, యంత్రమును చెవులు చిల్లులు పడునట్లు మ్రోగించుచు, పెరడంతయు అరగంటలో నూడ్చినట్లు తిరిగి, "వెండి లేదు" అనెను. పిదప నర్ధరాత్రమున పూజ చేయించినచో నిధి పైకివచ్చునని మెల్లగా నొక మాట వదలెను. అవ్వ చీపురు తీసెను. మన తెలుగునేలపై గుప్తనిధుల పేర పాతదేవాలయములను పెకలించి, అమాయకులను దోచుకొను వారికి ఇట్టి తంత్రములే పెట్టుబడి. చీపురే తగిన సమాధానము.

తరువాత మా మఱదిగారి కుమారుడు, ఇంజనీరింగు చదువుచున్న పిల్లవాడు, స్నేహితుని యంత్రమును దెచ్చెను. అది పొడవైన కఱ్ఱ; చివర పళ్లెమువంటి భాగము, దానిలో తీగచుట్టలు. ఒక చుట్ట నేలలోనికి మాఱుచుండు అయస్కాంతక్షేత్రమును పంపును. ఆ క్షేత్రమున బడిన లోహములో విద్యుత్తు సుడులు తిరుగును. ఆ సుడులు మరల పంపు చిన్నక్షేత్రమును రెండవ చుట్ట పట్టుకొనును. ఈ ప్రత్యుత్తరము వచ్చు ఆలస్యమునుబట్టి ఇది ఇనుమా, వెండియా యని యంత్రము స్వరముతోను అంకెతోను ఊహించి చెప్పును. ఊహయే సుమా, ప్రమాణము కాదు.

ఈ విద్యకు మూలపురుషులలో నొకడు టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్లు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును దుండగు డొకడు కాల్చగా, దేహములో దాగిన గుండును వెదకుటకు బెల్లు తన యంత్రమును దెచ్చెను. వైద్యుడు కుడిప్రక్కనే వెదకనిచ్చెను. మంచములోని ఉక్కుచుట్టలు ధ్వనిని కలచివేసెను. గుండు దొరకలేదు, ఆ సెప్టెంబరులో అధ్యక్షుడు మృతినొందెను. యంత్రము పనిచేయకపోలేదు, చుట్టునున్న ఇనుమే దానికి శత్రువైనది. మా యవ్వ పెరటిలోను సరిగా ఇదే చిక్కు. కొట్టము కూలినప్పటి మేకులు, పశువుల గొలుసుల తునుకలు నేలనిండ నున్నవి.

పిల్లవాడు వెంటనే వెదకుటకు దిగలేదు. "పెద్దమ్మా, నీ పూజపెట్టెలోని హాలీరూపాయి నొక్కసారి యిమ్ము" అనెను. దానిని మా పెరటిలో నాలుగంగుళముల లోతున పాతి యంత్రమెట్లు పలుకునో నా చెవికి వినిపించెను. పిదప జేనెడు లోతున. పిదప దాని ప్రక్కన నొక తుప్పుమేకును పెట్టెను. ఇనుమును వినిపింపవలదని యంత్రమునకు గట్టిగా నాజ్ఞ యిచ్చునొక మీట యున్నది. దానిని పైకి త్రిప్పగా మేకుతోపాటు రూపాయి కూడ మూగవోయెను! క్రిందికి దించగా మేకు బొంగురుగాను, దాని యంచున రూపాయి సన్నగాను, తెగితెగి పలికెను. కూలివాడు వెండి లేదనుట యబద్ధము కాదు; వెండి మాట తన చెవిని బడనీయని యేర్పాటు తానే చేసికొనెను.

మఱునాడు అవ్వ పెరటిలో పని యారంభమయ్యెను. ప్రక్కనే రైలుమార్గపు విద్యుత్తీగలున్నవి. గ్రహణశక్తిని పూర్తిగా పెంచినచో యంత్రము ఊరకయే వాగుచుండెను. వాగుడు నిలుచువఱకు ఆ శక్తిని తగ్గించెను. అందఱ సెల్‌ఫోనులను లోపల పెట్టించెను. పిదప లోహములేని చోట పళ్లెమును నేలకు దింపుచు నెత్తుచు, మట్టిలోని ఇనుపధాతువు పలుకకుండునట్లు సరిపఱచెను. పెద్దపళ్లెము లోతునకు మంచిదైనను ఒకేసారి పదిమేకులను విని కలగాపులగము చేయునని చిన్నపళ్లెమును తగిలించెను. ఇనుము మీటను దాదాపు సున్నకు దించెను. బియ్యములో రాలేరునంత మెల్లగా, తూర్పుపడమరలుగ నొకసారి, ఉత్తరదక్షిణములుగ నొకసారి నడచెను. ఎటు నడచినను ఒకే స్వరము వచ్చినచోట మాత్రమే చిన్న తాపీతో తీసితిమి.

సాయంకాలమునకు తొమ్మిది రూపాయలు వచ్చినవి. గుడ్డ యెప్పుడో మట్టియైపోయినది. నాణెములు మూరెడు స్థలములో చెదరియుండెను. చార్మినారు ద్వారములో "ఐన్" అక్షరమున్నది, అనగా 1911లో గద్దె నెక్కిన ఉస్మాన్ అలీఖాను కాలపువని మావారు చదివి చెప్పిరి. అందఱు సంతోషించిరి గాని అవ్వ మొగము వాడిపోయెను. ఆమెకు కావలసినది తొమ్మిది కాదు, పది. ఒకటి తక్కువైనను ఆ పాత నింద నిలిచినట్లే.

పిల్లవాడు ఇనుపముక్కలనన్నిటిని చేతితో నేఱి బయటవేసి, మరల నడచెను. గొలుసుకొండి యొకటి తీసిన గుంటప్రక్కననే పదవ రూపాయి పలికెను. దాని యడుగున వెండికంటె క్రిందిస్థాయి స్వరముతో నింకొకటి. కూలివాడు దానిని చెత్తయని విడిచియుండును. త్రవ్వి చూడగా బ్రిటిషువారి చిల్లుకాణీ. ఎందునకు కొఱగానివానిని మనము చిల్లుకాణీ చేయడందుము గదా, అదే. దానిపై 1944 అని స్పష్టముగా నున్నది.

ఆ కాణీయే కేసును నిలబెట్టుచున్నది. భూమిలో దాగి దొరకిన వస్తువు విలువ పదిరూపాయలు మించినచో కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెనని 1878నాటి నిక్షేపముల చట్టము చెప్పుచున్నది. ఏమి దొరకినది, ఎచ్చట, ఎప్పుడు అని వ్రాయవలెను. దాచినవానికి జైలుశిక్ష గూడ కలదు. కాని నూఱేండ్లలోపల తమ పెద్దలు దాచినదేయని వారసులు హక్కు చెప్పుకొనవచ్చును. 1944లో ముద్రించిన కాణీ అంతకుముందు పాతిపెట్టబడి యుండదు గదా! రూపాయలు మాత్రమే దొరకియున్నచో ఈ సంగతి తేల్చుట కష్టమయ్యెడిది. కావున స్వరము తక్కువైనదని దేనిని విడువరాదు. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో పురావస్తుశాఖవారి త్రవ్వకములో ఒక కుండయందు దొరకిన 3,730 ఇక్ష్వాకుల నాణెములు సీసపువి; సీసములో విద్యుత్తు వెండిలో పాఱుదానికి సుమారు పదమూడవవంతే పాఱును. అట్టి నాణెమొక్కటే పడియున్నచో వెండి స్వరమునకై చెవియొగ్గినవాడు దానిని త్రొక్కుకొని పోవును. అట్టి రక్షితస్థలములకు మాత్రము యంత్రము పట్టుకొని పోరాదు.

కలెక్టరుకు వ్రాయుదమనగా అవ్వ కుమారులు భయపడిరి. నేను వారికి శాకుంతలములోని బెస్తవానిని గుఱుతు చేసితిని. చేప కడుపున దొరకిన ఉంగరమును అమ్మబోయి వాడు భటులచేత కట్టుబడెను. సంగతి రాజుచెంతకు చేరినపుడే విడుదలయు, ఉంగరపు వెలయంత బహుమానమును దొరకెను. అందు సగము ఆ భటులకే ముట్టినదనుట వేఱుమాట.

అర్జీ మావారే వ్రాసిరి. నాణెములను ప్రభుత్వమున కప్పగించుటకు ముందు అవ్వ వానిని తన యత్తగారి పటమెదుట నొక్కొక్కటిగా లెక్కించెను. పది లెక్కించి, కాణీని విడిగా పెట్టి, "దీని మాట ఆమె యెన్నడు చెప్పలేదు" అనెను. విచారణ యింకను ముగియలేదు. పునాది ముహూర్తము వాయిదాపడినందున కుమారులకు నాపై కొంత కోపమున్నది. అవ్వ మాత్రము ప్రతిదినము తన పాదులలోని బీరకాయలు పంపుచున్నది.