వెలుగు మనది.. కళ్లు ఎదుటివారివి

డిసెంబరు వచ్చిందంటే యూఏఈలోని తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో రెండు ప్రశ్నలు ఖాయం. సంక్రాంతికి ఊరెళ్లే టికెట్టు ఎంత పలుకుతోంది అన్నది మొదటిది. కారుకు ఏ ఎల్‌ఈడీ బల్బులు వేయిస్తే బాగుంటుంది అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేరు. రెండోదానికి మాత్రం పది నిమిషాల్లో పాతిక జవాబులు వస్తాయి. ఆరువేల కెల్విన్ వేయించు బ్రదర్, పట్టపగల్లా ఉంటుందని ఒకరు. సత్వాలో అరగంటలో బిగించేస్తారని ఇంకొకరు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో అయితే సగం ధరకే అవుతుందని మరొకరు. మరి ఎదురుగా వచ్చేవాడి సంగతేమిటని అడిగేవారు మాత్రం అరుదు.

బల్బులు మార్చాలనుకునేవారి అవసరం అబద్ధం కాదు. షేక్ జాయెద్ రోడ్డు మీద వీధి దీపాల వరుస కింద నడిపేటప్పుడు మన హెడ్‌లైటు వెలుగుతోందో లేదో కూడా తెలియదు. అదే కారు శనివారం రాత్రి లివా దారి పట్టినా, హత్తా కొండల వైపు మళ్లినా కథ మారిపోతుంది. దీపస్తంభాలు ఆగిపోయిన చోట చీకటి ఒక్కసారిగా మీద పడుతుంది. రోడ్డు పక్కన ఒంటె బొమ్మతో ఉన్న హెచ్చరిక బోర్డు కనిపిస్తుంది కానీ, ఒంటె కనిపించదు. పైగా మనవాళ్లలో చాలామంది నడిపేది సెకండ్ హ్యాండ్ కార్లు. వాటిలో ఉండేవి 55 వాట్ల హాలోజన్ బల్బులే. పక్క లేన్‌లో పోయే కొత్త ఎస్‌యూవీ తెల్లటి వెలుగు ముందు అవి గుడ్డిదీపాల్లా అనిపించడం సహజం.

మంచి హెడ్‌లైట్లు ప్రాణాలు కాపాడతాయనడానికి ఆధారం కూడా ఉంది. అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2016 నుంచి కార్ల హెడ్‌లైట్లకు మార్కులు వేస్తోంది. మొదటిసారి 31 మధ్యతరహా కార్లను పరీక్షిస్తే ‘మంచిది’ అనిపించుకున్నది ఒక్కటే. ఆ తర్వాత 2021లో వెలువరించిన అధ్యయనంలో, ‘మంచిది’ అనిపించుకున్న హెడ్‌లైట్లున్న కార్లకు, ‘నాసిరకం’ అనిపించుకున్నవాటికన్నా రాత్రిపూట ఒంటరిగా జరిగే ప్రమాదాలు 19 శాతం, పాదచారులను ఢీకొట్టే ప్రమాదాలు 23 శాతం తక్కువని తేలింది. రోడ్డు దాటే మనిషికి ఇది చిన్న తేడా కాదు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ సంస్థ మార్కులు వేసేది బల్బు ఎంత కాంతి చిమ్ముతోందన్నది చూసి కాదు. వెలుగు రోడ్డు మీద ఎంత దూరం, ఎటువైపు పడుతోందో కొలుస్తుంది. ఎదుటివారి కళ్లలో మితిమీరి కొడితే మార్కులు కోసేస్తుంది. అంటే మంచి హెడ్‌లైటు వేరు, మిరుమిట్లు గొలిపే హెడ్‌లైటు వేరు. మన గ్రూపుల్లో జరుగుతున్న పొరపాటంతా ఈ రెండింటినీ ఒకటిగా చూడటమే.

బల్బు మారితే ఏమవుతుంది?

హెడ్‌లైటు అంటే బల్బు ఒక్కటే కాదు. బల్బు వెనకున్న అద్దపు గిన్నె, ముందున్న లెన్సు కలిస్తేనే హెడ్‌లైటు. హాలోజన్ బల్బులో సన్నటి తీగ ఎక్కడుంటుందో మిల్లీమీటర్ల లెక్కన చూసుకుని ఆ గిన్నె వంపును తీరుస్తారు. అదే గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు, దాని ఆకారం, అది పరుచుకునే తీరు మారిపోతాయి. లో బీమ్‌కు పైన గీత గీసినట్టు ఉండాల్సిన అంచు చెదిరిపోతుంది. రోడ్డు మీద పడాల్సిన వెలుగులో కొంత ఎదుటి డ్రైవరు ముఖం మీద పడుతుంది.

నడిపేవాడికి ఇది తెలియదు. పైగా తనకు బ్రహ్మాండంగా కనిపిస్తోందనే అనుకుంటాడు. కారు ముందు పది, పదిహేను మీటర్లు తెల్లగా మెరుస్తుంది. అయితే దగ్గర వెలుగు ఎక్కువైన కొద్దీ కన్ను దానికే అలవాటు పడుతుంది. దూరాన ఉన్న చీకటి ఇంకా చిక్కగా కనిపిస్తుంది. దీపం కింద చీకటి అంటారు కదా, ఇక్కడ దీపానికి అవతల చీకటి. ప్రమాదం పొంచి ఉండేది అక్కడే.

పెట్టెల మీద రాసే ‘20,000 ల్యూమెన్లు’ సంగతి కూడా చెప్పుకోవాలి. మామూలు హెచ్7 హాలోజన్ బల్బు ఇచ్చేది సుమారు 1500 ల్యూమెన్లు. కార్ల కంపెనీలే అమర్చే 35 వాట్ల జెనాన్ బల్బు ఇచ్చేది 3200 దాకా. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం లో బీమ్ బల్బు 2000 ల్యూమెన్లు దాటితే హెడ్‌లైటు ఎత్తు దానంతట అదే సర్దుకునే ఏర్పాటు, గాజును కడిగే ఏర్పాటు ఉండాలి. ఎందుకంటే దుమ్ము పట్టిన గాజు మీద పడిన పెద్ద వెలుగు నలుదిక్కులా చెదురుతుంది. ఇసుక గాలులు వీచే దేశంలో మనం ఆ రెండు ఏర్పాట్లూ లేని కారులో అంతకుమించిన బల్బు పెడుతున్నాం.

ఎండ సంగతి మరొకటి. ఎల్‌ఈడీ వేడి వెనకవైపు చేరుతుంది. అది బయటికి పోకపోతే వెలుగు తగ్గుతుంది, చిప్ పాడవుతుంది. బయట 45 డిగ్రీలున్న వేసవిలో ఇంజిన్ పక్కన ఇరుకులో కూర్చున్న చవక బల్బు ఎన్నాళ్లు నిలుస్తుందో ఊహించుకోవచ్చు.

ఇంకో విషయం. ఇండియా నుంచి వచ్చేటప్పుడు హెడ్‌లైటు యూనిట్టే కొనుక్కొస్తే చవక కదా అనుకునేవారున్నారు. అక్కడ మనం ఎడమ పక్కన నడుపుతాం, ఇక్కడ కుడి పక్కన. లో బీమ్‌లో రోడ్డు అంచు వైపు వెలుగు కాస్త పైకి లేస్తుంది. ఇండియా యూనిట్టులో అది ఎడమకు లేస్తుంది. ఇక్కడ ఎడమ అంటే ఎదురుగా వచ్చే కారు.

వేగం లెక్క

గంటకు 120 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 33 మీటర్లు దూకుతుంది. అడ్డం చూసి బ్రేకు తొక్కేలోపు సెకనున్నర పడుతుందనుకుంటే 50 మీటర్లు. పొడి రోడ్డు మీద బండి ఆగడానికి మరో 80 మీటర్లు. మొత్తం 130. లో బీమ్‌లో స్పష్టంగా కనిపించేదేమో చాలా కార్లలో 50, 60 మీటర్లే. మరి బల్బు మారిస్తే ఈ తేడా పూడుతుందా? దూరం రెట్టింపయితే అక్కడ పడే వెలుగు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. అంటే రెట్టింపు దూరం కనిపించాలంటే నాలుగు రెట్ల వెలుగు కావాలి. అదే వేగాన్ని 80కి తగ్గిస్తే బండి 70 మీటర్లలోపే ఆగుతుంది. బల్బు చేయలేని పని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే అవుతుంది, పైసా ఖర్చు లేకుండా. ఎదురుగా ఎవరూ లేనప్పుడు హై బీమ్ వేసుకోవచ్చు. అది ఉన్నదే అందుకు.

పొగమంచులో పెద్ద బల్బు మేలు చేయకపోగా కీడే చేస్తుంది. నీటి బిందువులకు తగిలిన వెలుగు మన కళ్లకే తిరిగొస్తుంది, ముందు తెల్ల గోడ కట్టినట్టు ఉంటుంది. 2008 మార్చి 11 ఉదయం అబుదాబి-దుబాయ్ హైవే మీద ఘంతూత్ దగ్గర సుమారు 200 వాహనాలు ఒకదానికొకటి గుద్దుకున్నది పొగమంచులోనే. అక్కడ లోపించింది వెలుగు కాదు. వేగంలో నిదానం, ముందు బండికి దూరం. ఇప్పుడు పొగమంచు కమ్మితే అబుదాబి రోడ్ల మీద ఎలక్ట్రానిక్ బోర్డులు వేగ పరిమితిని 80కి దించుతున్నాయి. లైట్లు లేకుండా పొగమంచులో నడిపితే 500 దిర్హాముల జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు. అలాంటప్పుడు వాడాల్సింది లో బీమ్, ఫాగ్ ల్యాంపులు.

‘తనకు మాలిన ధర్మం’

నాకు కనిపించకపోతే చచ్చేది నేను కదా, తనకు మాలిన ధర్మం ఎందుకని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. పైగా 2025లో అదే అమెరికా సంస్థ, రాత్రి ప్రమాదాల్లో మిరుమిట్లు కారణమని నమోదైనవి వెయ్యికి ఒకటో రెండో మాత్రమేనని చెప్పింది. అయితే ఆ లెక్క పోలీసు నివేదికల్లోకి ఎక్కినవాటిదే. రెండు సెకన్లు కళ్లు చీకట్లు కమ్మినప్పుడు లేన్ తప్పినవాడు అది మిరుమిట్ల వల్లేనని చెప్పగలడా? చెప్పడానికి మిగలనివాడి సంగతేమిటి? ఇక ఇది ధర్మం మాట కూడా కాదు, స్వార్థమే. రెండు కార్లు ఎదురెదురుగా వస్తున్నప్పుడు అవతలివాడి కళ్లు మూసుకుపోతే గుద్దేది మనల్నే.

ఆ అవతలివాడు ఎవరో కూడా ఆలోచించాలి. రాత్రి పదకొండింటికి బిర్యానీ పొట్లం పట్టుకుని బైక్ మీద పోయే డెలివరీ కుర్రాడు కావచ్చు. అతని హెల్మెట్ గాజు మీద గీతలుంటాయి, ఆ గీతల మీద మన తెల్ల వెలుగు పడితే అతనికి రోడ్డే కనిపించదు. షిఫ్టు ముగించుకుని సోనాపూర్‌లోనో, సజాలోనో బస్సు దిగి క్యాంపుకు నడిచిపోయే మనిషి కావచ్చు. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో కోనసీమ నుంచో వచ్చినవాడు కావచ్చు. మన వెలుగుతో కళ్లు చెదిరిన ఎదుటి డ్రైవరుకు ముదురు రంగు యూనిఫాంలో ఉన్న ఆ మనిషి కనిపించడు. ఇక పాతికేళ్ల కిందట వచ్చి ఇక్కడే యాభై దాటినవాళ్లూ మనలో చాలామందే. వయసుతో కంటి లెన్సు మసకబారుతుంది, అదే వెలుగు వారిని రెట్టింపు బాధిస్తుంది.

మన ఊళ్లలో పాత లారీల హెడ్‌లైట్ల మీద నల్ల రంగు పూసేవారు, గుర్తుందా? వెనక ‘రాత్రిపూట డిప్పర్ వాడండి’ అని రాసేవారు. సైన్సు పుస్తకాలు చదవని డ్రైవర్లు కూడా ఎదుటివాడి కళ్ల గురించి ఒక మాట రాసుకున్నారు. మనం మాత్రం ఫాస్ట్ లేన్‌లో ముందు బండికి అంటుకుపోయి హై బీమ్ కొడుతున్నాం. అంత దగ్గరగా అంటుకుపోతే 400 దిర్హాములు, 4 బ్లాక్ పాయింట్లు అని తెలిసి కూడా.

మరేం చేయాలి?

ముందు ఉన్న లైట్లను బాగుచేసుకోవాలి. హెడ్‌లైటు ముందుండేది గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. ఎండకు అది పచ్చబడుతుంది. బాగా మసకబారిన హెడ్‌లైట్లు కొత్తవాటి వెలుగులో 20 శాతమే ఇస్తాయని అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో పరీక్షించి చెప్పింది. ఇక్కడ ఏడెనిమిదేళ్లు ఎండలో నిలబడ్డ కారుకు కావాల్సింది కొత్త బల్బు కాదు, పాలిష్ లేదా కొత్త లెన్సు. ముందు అద్దం లోపలి వైపు జిడ్డు తుడవాలి. పక్క అద్దాలకు 50 శాతం టింట్ చట్టం ఒప్పుకుంటుంది కదా అని అంతా నల్లగా చేయించి, తర్వాత చీకటిగా ఉందని బల్బులు మార్చడం ఎక్కడి లెక్క?

రెండోది, లైట్ల ఎత్తు. చదునైన పార్కింగ్‌లో గోడకు 10 మీటర్ల దూరాన కారు ఆపి లో బీమ్ వేయండి. గోడ మీద వెలుగు పై అంచు హెడ్‌లైటు మధ్యభాగం ఎత్తు కన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. ఊరెళ్లేవాళ్లను ఎయిర్‌పోర్టుకు దింపడానికి డిక్కీ నిండా పెట్టెలు వేస్తే కారు ముక్కు పైకి లేస్తుంది. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటే అది ఇందుకే, తిప్పండి.

మూడోది, మార్చక తప్పదనుకుంటే సరిగ్గా మార్చండి. అదే వాటేజీలో పేరున్న కంపెనీ హాలోజన్ వేసుకోవచ్చు. మీ మోడల్‌కే కంపెనీ తయారుచేసిన పూర్తి ఎల్‌ఈడీ యూనిట్టు ఉంటే బిగించి, ఎత్తు సరిచేయించండి. 2020లో జర్మనీ హాలోజన్ స్థానంలో ఒక ఎల్‌ఈడీ బల్బుకు అనుమతి ఇచ్చింది, అదీ పరీక్షించిన మోడళ్లకు మాత్రమే. అంటే బల్బు, కారు రెండూ కలిసి పరీక్షలో నెగ్గాలి. ఎడారి సరదాకు పెట్టుకునే లైట్ బార్లు అనుమతి అడిగి పెట్టుకోండి, తారు రోడ్డెక్కగానే ఆర్పండి.

మూడేళ్లు దాటిన కారుకు ఏటా టెస్టింగ్ తప్పదు. అక్కడ హెడ్‌లైట్లు కూడా చూస్తారు. టెస్టు రోజు పాత బల్బులు పెట్టుకుని మర్నాడు మళ్లీ కొత్తవి బిగించే తెలివి మనవాళ్లలో కొందరికి ఉంది. ఆ తెలివి మోసగించేది టెస్టింగ్ సెంటర్‌ను కాదు, రోడ్డు మీద వాళ్లను. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ కారు ఎలా ఉందని అడుగుతుంది, టెస్టు రోజు ఎలా ఉండేదని కాదు.

చివరిగా మన సంఘాలకు ఒక సూచన. రక్తదాన శిబిరాలు పెడుతున్నాం, వనభోజనాలు చేస్తున్నాం. నవంబరులో, పొగమంచు కాలానికి ముందు, ఒక శుక్రవారం సాయంత్రం హెడ్‌లైట్ల శిబిరం పెట్టలేమా? ఒక గోడ, ఒక టేపు, లెన్సు పాలిష్ చేసే ఒక మెకానిక్, కుదిరితే ఒక కంటి డాక్టరు చాలు. క్యాంపులకు నడిచి వెళ్లేవారికి పంచడానికి మెరిసే జాకెట్లు కొన్ని ఉంటే ఇంకా మంచిది. ఒక జత ఎల్‌ఈడీ బల్బులకు పెట్టే డబ్బుతో అలాంటి జాకెట్లు చాలానే వస్తాయి. మన కారుకు వెలుగు పెంచినదానికన్నా ఆ మనిషి మనకు కనిపించడమే ఎక్కువ అవసరం.