రూటర్‌లో వీపీఎన్ మెనూ లేదా? ముందు ఫ్లాష్ సైజు చూడండి

నల్గొండలో మా ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒక తమ్ముడు ఇదే అడుగుతాడు: "అన్నా, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కించిన, వీపీఎన్ ఆప్షనే కనిపిస్తలేదు." ఆ వెంటనే ఇంకో బిల్డ్ వెతుకుతుంటాడు. అది వద్దు.

ఆప్షన్ పోలేదు, అసలు రానేలేదు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ మామూలు ఇమేజ్‌లో వీపీఎన్ ఉండదు, ప్యాకేజీగా మనమే వేసుకోవాలి. సిస్టమ్‌లోని సాఫ్ట్‌వేర్ పేజీలో ఖాళీ ఎంతుందో చూసి, 'లూసీ-ప్రోటో-వైర్‌గార్డ్' ఇన్‌స్టాల్ చేసి రూటర్ రీస్టార్ట్ చేయండి. తర్వాత కొత్త ఇంటర్‌ఫేస్ చేర్చేటప్పుడు ప్రోటోకాల్ లిస్టులో వైర్‌గార్డ్ వస్తుంది. చాలామంది దాన్ని పై మెనూలో వెతికి విసిగిపోతారు.

డీడీ-డబ్ల్యుఆర్‌టీ సంగతి వేరు. అక్కడ ఫీచర్లు బిల్డ్‌తోనే వస్తాయి. 4 ఎంబీ ఫ్లాష్ కోసం చేసిన బిల్డుల్లో చోటు చాలక ఓపెన్‌వీపీఎన్ తీసేస్తారు. టీపీ-లింక్ డబ్ల్యుఆర్841ఎన్ వెర్షన్ 9 ఈ బాపతే: 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్. అందులో పెద్ద బిల్డ్ కుక్కాలని చూసినా, ఫ్లాష్ చేస్తుండగా కరెంటు పోయినా రూటర్ బ్రిక్ అయినట్టే. మన దగ్గర ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే కదా! ఇంట్లో ఎవరైనా వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తుంటే ఈ ప్రయోగం అస్సలు వద్దు.

ఫర్మ్‌వేర్ రాసేవాళ్ళు ఎక్కువగా వాలంటీర్లే, ఒప్పుకుంటా. అయినా మెనూ మాయం చేసే బదులు "ఈ రూటర్‌లో చోటు చాలదు" అని ఒక్క లైన్ చూపిస్తే ఎన్ని రాత్రులు మిగిలేవో!

వీపీఎన్ కోసమే కొత్తది కొంటుంటే 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉన్నది చూడండి. ఆర్చర్ సీ6 వెర్షన్ 3 అలాంటిదే. ఒకే మోడల్ పేరుతో వెర్షన్‌కో హార్డ్‌వేర్ వస్తుంది, కాబట్టి అడుగున స్టిక్కర్ చూడకుండా డబ్బులు ఇవ్వకండి.