ఊడ్పుల కాలంలో పిల్లల భద్రతపై పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం

మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీ ప్రత్యేక సమావేశం 2025 జులై 16, బుధవారం రాత్రి ఏడు గంటలకు బడి వరండాలో జరిగింది. ఇన్నాళ్లూ సమావేశాలు పగలే పెట్టేవాళ్లం. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలనీ, సగం మంది మహిళలు ఉండాలనీ విద్యాహక్కు చట్టం చెప్పింది. ఊడ్పుల రోజుల్లో పగలు పిలిస్తే ఆ సగం మందీ చేలో ఉంటారు. అందుకే ఈసారి రాత్రి పెట్టాం. 15 మంది తల్లిదండ్రుల సభ్యుల్లో 13 మంది, కన్వీనరు హోదాలో ప్రధానోపాధ్యాయురాలు, అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం వచ్చారు. ఛైర్‌పర్సన్ అధ్యక్షత వహించారు. కోరం సరిపోయింది.

జులై 10న రాష్ట్రమంతటా జరిగిన మెగా పేరెంట్ టీచర్ సమావేశంలో మన బడిలో మార్కుల మీద మాట్లాడినవాళ్లు తక్కువ. కూతురు కువైట్‌లో ఉంటే మనవడిని పెంచుతున్న ఒక అమ్మమ్మ లేచి, "బడి వదిలాక మావాడు ఎవరి పిల్లాడండీ?" అని అడిగారు. టీచర్లు తల్లుల వైపు చూశారు, తల్లులు టీచర్ల వైపు చూశారు. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వడానికే ఈ సమావేశం పిలిచాం.

కమిటీ ముందుగా నాలుగు సంఘటనలను గుర్తు చేసుకుంది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంట పాకకు అంటుకున్న మంట ఆకు కప్పులకు పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. 2013 జులై 16న బిహార్‌లోని గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును రైలు గుద్దింది. 2018 జులై 14న మన గోదావరి మీదే, ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, బడి పిల్లలు ఎక్కిన నాటు పడవ కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. నాలుగూ జులైలోనే జరగడం కాకతాళీయం కావచ్చు. అయితే బడి తెరిచిన జూన్ 12న ఉన్న జాగ్రత్త నెల తిరిగేసరికి పలచబడుతుంది. వానలు పట్టేది, కాలువలు నిండేది, పెద్దవాళ్లు చేలో దిగేది కూడా సరిగ్గా అప్పుడే. ఈ సంగతి సభ్యులందరూ ఒప్పుకున్నారు.

"పిల్లలు జాగ్రత్త" అని వాట్సాప్‌లో పంపడం, గోడకు కాగితం అంటించడం ఇక చాలనీ, ఏ పనికైనా మనిషి పేరూ వేళా రాసుకోవాలనీ నిశ్చయించుకుని, ఈ దిగువ విధంగా తీర్మానించడమైనది.

తీర్మానం 1. బడి వదిలాక సాయంత్రం ఆరు దాకా ఉండే వేళను ఈ ఊరు ఇప్పటిదాకా ఎవరి లెక్కలోనూ వేయలేదు. ఊడ్పులకు వెళ్లే తల్లి పొద్దున్నే ట్రక్కు ఆటో ఎక్కితే చీకటి పడే ముందు దిగుతుంది. తండ్రి ట్రాక్టరు మీదో చేపల చెరువు గట్టు మీదో ఉంటాడు. ఇంటి తాళంచెవి రెండో తరగతి పిల్ల మెడలో వేలాడుతుంది. ఆ పిల్ల ఇంటికి వెళ్లి ఏం చేస్తుందన్నది మనకు తెలియనిది కాదు: తమ్ముణ్ణి చంకనేసుకుని కాలువ గట్టుకు వెళ్తుంది. టీచర్ల పనివేళ బడి వదలడంతో అయిపోతుంది. ఆ తర్వాత కూడా వాళ్లనే ఉండమనడం న్యాయం కాదని కమిటీ అభిప్రాయం.

కనుక జులై 21 నుంచి ఊడ్పులు ముగిసేదాకా, పనిరోజుల్లో బడి వరండా, ఆవరణ సాయంత్రం ఆరు వరకు తెరిచి ఉంచాలి. రోజూ ఇద్దరు పెద్దలు అక్కడ ఉండాలి. వంతులు పలకమీద రాసి గేటుకు కట్టాలి. పిల్లల చేత హోంవర్కు చేయించాలన్న నియమం లేదు, ఆడుకోనివ్వాలి. నాలుగున్నరకు గుప్పెడు ఉడికించిన శనగలు పెట్టాలి. వంతుకు వచ్చినవాళ్లకు పోయే కూలి ఎవరివ్వాలన్న దగ్గర గంటసేపు వాదన జరిగింది. మనుషుల్ని మాట్లాడుకుని ఊడ్పులు చేయించుకునే రైతు ఎకరానికి 20 రూపాయల చొప్పున బడికి ఇవ్వాలని ఒక సభ్యురాలు ప్రతిపాదించారు. "మా చేలల్లో ఊడ్పులు పడాలంటే వాళ్ల అమ్మలు కావాలి, వాళ్ల అమ్మలు రావాలంటే పిల్లలు క్షేమంగా ఉండాలి" అన్నది ఆమె లెక్క. చందా బలవంతం కాకూడదని ఇద్దరు రైతు సభ్యులు అభ్యంతరం చెప్పారు. 11 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. చందా స్వచ్ఛందంగానే ఉంటుంది, కానీ ఎవరెంత ఇచ్చారో అదే పలకమీద రాస్తారు అన్న సవరణతో ప్రతిపాదన నెగ్గింది. బలవంతం కాదంటూనే పలక మీద రాయడం ఏమిటని వ్యతిరేకించిన ఒక సభ్యుడు అన్న మాటను కూడా ఇక్కడ నమోదు చేశాం.

తీర్మానం 2. కాలువకు నీళ్లు వదిలి నెల దాటింది. మన రేవులో గుర్రపుడెక్క పచ్చగా, చాపలా పరుచుకుంది. కొత్త పిల్లలకు అది నేలలాగే కనిపిస్తుంది. రేవుకు రెండు వైపులా, లాకుల దాకా, డెక్క తీయించమని జలవనరుల శాఖ ఏఈకి అర్జీ పెట్టాలి. అర్జీ కదిలేలోపు ఈ ఆదివారం ఊరివాళ్లమే రేవు మేర తీయాలి. బోదె మీద వేసిన తాటి దుంగ నాచు పట్టి జారుతోంది. దాని పక్కనే చేతికి అందే ఎత్తులో వెదురు కట్టాలి. ఆ పని చేస్తానని మూడో తరగతి పిల్లాడి తండ్రి, వడ్రంగి, తనంతట తానే ఒప్పుకున్నారు.

ఒకరు నీళ్లలో పడితే తీయడానికి దూకి ఇద్దరూ ముగ్గురూ పోవడం మన జిల్లాల్లో తరచూ పత్రికల్లో చూసేదే. అందువల్ల ప్రార్థన వేళ వారానికోసారి పిల్లలందరిచేత చేయించి చూపాల్సింది ఒక్కటే: దూకొద్దు, అరవాలి, చీరో తాడో మూత బిగించిన ఖాళీ క్యానో విసరాలి. రేవులో తాడు కట్టిన క్యాను ఒకటి వేలాడదీయాలి. దాన్ని ఎవరూ నీళ్లకు పట్టుకుపోకూడదు. పెద్దలకు ఏఎన్ఎం చెప్పినది: బయటికి తీసిన బిడ్డను తలకిందులు చేసి నీళ్లు కక్కించాలని చూస్తే విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో శ్వాస ఇచ్చి, ఛాతీ నొక్కుతూ ఉండాలి, మరొకరు 108కి ఫోన్ చేయాలి. బొమ్మతో ఎలా చేయాలో వచ్చే వారం ఆవిడే చూపిస్తారు.

తీర్మానం 3. పాయ అవతలి లంక నుంచి పడవలో వచ్చే పిల్లల విషయం. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. లంకలో వాళ్లకు ఈ అంకెలు అక్షరాలకన్నా ముందు వస్తాయి. మొదటి హెచ్చరిక ఉన్నన్నాళ్లూ ఆ పిల్లల్ని బడికి రమ్మనకూడదు, రానందుకు అడగకూడదు. పోయిన పాఠాలు వరద తీశాక చెప్పాలి. వరద లేని రోజుల్లో కూడా లైఫ్ జాకెట్ లేనిదే పిల్లను పడవ ఎక్కించుకోకూడదని పడవ నడిపేవారికి చెప్పాలి. జాకెట్లకు పంచాయతీని అడగాలి. వానకు సెలవు సంగతి ప్రధానోపాధ్యాయురాలి నుంచి వచ్చిన సందేశాన్నే నమ్మాలి. కలెక్టరు పేరుతో తిరిగే పాత సందేశాల వల్ల పోయిన వానాకాలం రెండుసార్లు సగం బడి ఇంట్లోనే కూర్చుంది.

తీర్మానం 4. వంటగది. వేసవిలో నీడకోసం వంటగది ముందు వేసిన తాటాకు పందిరిని రేపే తీసేయాలి. వేసినవాళ్లు మంచి మనసుతోనే వేశారు. గ్యాసు సిలిండరు గది బయట, గొలుసుతో ఉండాలి. నూనె, పప్పు సీలు ఉన్న ప్యాకెట్లలోనే రావాలి. ఈ ఊళ్లో పురుగుమందు డబ్బాను కడిగి చెంబుగా, బకెట్టుగా వాడే అలవాటు ఇంకా పోలేదు. ఏ రూపంలోనైనా అలాంటి డబ్బా బడి గేటు దాటి రాకూడదు. రోజూ వడ్డించే ముందు ఒక టీచరు, ఒక తల్లి అన్నం, కూర రుచి చూసి పుస్తకంలో వేళతో సంతకం చేయాలి. జూన్ 12 నుంచి వస్తున్న సన్నబియ్యం గురించి వంట చేసే ఆవిడ చెప్పిన సంగతి: వాటికి పాత బియ్యమంత నీళ్లు పోస్తే ముద్దవుతోంది. ఇది భద్రతకు సంబంధించిన అంశం కాదుగానీ, పిల్లలు వదిలేస్తున్నారు కాబట్టి నీళ్లు తగ్గించమన్నాం.

తీర్మానం 5. ప్రతి పిల్లకూ, తీసుకువెళ్లడానికి వచ్చే ఇద్దరి పేర్లు, ఫోటోలు, ఫోన్ నంబర్లు శనివారంలోగా రిజిస్టరులో రాయించాలి. గల్ఫ్‌లో ఉన్న తల్లి వీడియో కాల్‌లో చెప్పి రాయించవచ్చు. "నేను మేనమామని, పంపేయండి" అంటూ ఫోన్ చేస్తే పంపరు. మేనమామ నిజమే అయినా, పేరు రాసి లేకపోతే పంపరు. దీనికి ఎవరూ నొచ్చుకోకూడదు.

పిల్ల ఎవరి వల్లనైనా ఇబ్బంది పడ్డానని చెబితే, ఆ మాట విన్న మనిషి నమ్మాలి, ప్రశ్నల మీద ప్రశ్నలు వేయకూడదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, తెలిసీ చెప్పకపోవడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098. అలాంటి విషయాన్ని రామాలయం అరుగు మీద పెద్దమనుషుల ముందు పెట్టి, డబ్బుకో పరువుకో సర్దేయడానికి ఈ కమిటీలో ఎవరూ కూర్చోరు. ఆ పెద్దమనుషుల్లో ఇద్దరి మనవలు ఈ బడిలోనే ఉన్నారు కాబట్టి ఈ ముక్క వాళ్లకు విడిగా చదివి వినిపించాలి. పిల్ల పేరు ఊళ్లో పొక్కకూడదు. అలాగే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో కొట్టడం, అవమానించడం నిషిద్ధం. "కొట్టైనా చదువు చెప్పండి మేడమ్" అని తల్లిదండ్రులు ఇచ్చే అనుమతి చెల్లదు.

తీర్మానం 6. ఊడ్పుల కాలం పాముల కాలం కూడా. ఈ ఏడాది ఇచ్చిన బూట్లు పిల్లలు గుమ్మం బయటే వదులుతున్నారు. దులిపి, చూసుకుని తొడుక్కోవడం నేర్పాలి. పాము కరిస్తే కాలు కదలనివ్వకుండా 108లో ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గట్టిగా కట్టు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వద్దు. పాముని పట్టి తేవడానికి ఆగొద్దు. ఈ ఊళ్లో పాము మంత్రం వేసే తాతగారు ఒక సభ్యుడి తండ్రే. ముందు ఇంజెక్షను, మంత్రం ఆనక ఇంటి దగ్గర వేస్తానని ఆయనే కబురు పంపారు. పీహెచ్‌సీలో విరుగుడు మందు నిల్వ ఉందో లేదో ఏఎన్ఎం ప్రతి సోమవారం కనుక్కుని చెబుతారు. కుక్క కరిస్తే పసరూ కారమూ పెట్టకుండా ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించాలి. డాక్టరు రాసిన అన్ని సూదులూ పూర్తిచేయాలి.

తీర్మానం 7. బైకు మీద నలుగురు పిల్లల్ని దింపడం మానాలి. నాలుగేళ్లు దాటిన పిల్లకూ హెల్మెట్ ఉండాలని చట్టం. పిల్లల సైజు అమలాపురంలో దొరుకుతుందట, పదిమంది కలిసి కొంటే తగ్గిస్తారట. మైనరు కొడుక్కి బండి ఇస్తే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడేది బండి యజమానికీ తండ్రికీ.

ఇక మామూలు కబుర్లు. నులిపురుగుల మాత్రల రోజు ఆగస్టు 10 ఆదివారం పడింది. ఏఎన్ఎం చెప్పిన రోజున పిల్లలు అన్నం తిని, మాత్రను నమిలి మింగాలి. ఒకటో తరగతిలో చేరినవారిలో ఐదారేళ్ల వయసు డీపీటీ బూస్టరు వేయించనివారు ఇంకా ఉన్నారు. ఐదేళ్లు నిండిన పిల్లల ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా వేయించాలి. పిల్లల ఫోటోలు పేర్లతో సహా స్టేటస్‌లో పెట్టవద్దని టీచర్లనూ తల్లిదండ్రులనూ కోరుతున్నాం. పడమటి గది గోడ బీట వారింది. ఇంజినీరు వచ్చి చూసేదాకా ఆ గదికి తాళం వేసి, అందులోని రెండు తరగతులూ వరండాలో నడపాలి. ప్రహరీ గోడ సంగతి మళ్లీ వాయిదా పడింది. ఇది నాలుగోసారి.

ఈ తీర్మానాన్ని అచ్చువేసి పంచినా చదవలేని ఇళ్లున్నాయి కాబట్టి శుక్రవారం రాత్రి రామాలయం మైకులోనూ, శనివారం పొద్దున్నే ఊడ్పుల వాళ్లు ట్రక్కు ఎక్కే చోటా చదివి వినిపించాలి. చదివే బాధ్యత ఐదో తరగతి టీచరుది. లంకకు వెళ్లి చదివేది ఛైర్‌పర్సన్. ప్రతులు మండల విద్యాశాఖాధికారికి, పంచాయతీకి, పీహెచ్‌సీకి పంపాలి. తర్వాతి సమావేశం ఆగస్టు 20న, రాత్రే.

ఒకటో తీర్మానంలోని చందా అంశం తప్ప మిగిలినవన్నీ ఏకగ్రీవం. సమావేశం తొమ్మిదింబావుకు ముగిసింది. సంతకాలు పన్నెండు, వేలిముద్రలు నాలుగు.